కుడి మోకాలి బిళ్ల

ఐరావతానికి దుప్పట్లు కప్పారు. ముందు టైరుకొకటి, వెనక టైరుకొకటి, లోపల వేడి తీగలున్న నల్లని కరెంటు దుప్పట్లు. చలిజ్వరం తగిలిన చక్రవర్తికి చేసినంత శ్రద్ధగా ఆ వెయ్యి సీసీల బండిని రెండు స్టాండ్ల మీదికెత్తి, వైరును గ్యారేజీ గోడకున్న ప్లగ్గులో పెట్టి, రబ్బరు ఎనభై డిగ్రీలకు చేరడానికి సరిగ్గా గంట పడుతుందనీ, ఆ గంటలో దాని మీద ఈగ వాలినా తనకు తెలియాలనీ శాసించి, బండి యజమాని టీ తాగడానికి దయచేశారు. ఆయన ఆమెకు మరిది, చెల్లెలి భర్త. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంట్లో పిలుపులకు మిగిలింది గాని, ఈ ట్రాక్ మీద మాత్రం ఆయన వెయ్యిగారే. ఆమె తోలు సూటును నడుము దాకా ఒలుచుకుని, దాని ఖాళీ చేతులు రెండూ తుంటికి అటూ ఇటూ వేలాడుతుంటే, మూడు కాళ్ల స్టూలు మీద కూర్చుని గడియారం చూసింది. రెండు. మూడింటికి మాస్టారు వస్తారు. మూడు లాప్‌లు తిప్పిస్తారు. ఆ పైన, మలుపులు నేర్పే ఈ బడిలో ఖాళీ అయిన ఒకే ఒక ఉపాధ్యాయ పీఠం ఆమెదవుతుంది, లేదా ఆమెకు దాని మీద ఉన్న ఆశ ఇవాళ్టితో సరి. నలభై నాలుగేళ్ల మనిషి ఇలాంటి పీఠాలకు ఎగబాకడం ఏమిటని అడిగినవాళ్లు ఎందరో. ఆమె ఎవరికీ జవాబివ్వలేదు. జవాబు మూడింటికి ఇద్దామని.

తలుపు బయట, ఎండలో, ఏ దుప్పటీ లేకుండా నిలబడి ఉంది ఆమె బండి, దోమ. ఆ పేరు పెట్టినది కూడా వెయ్యిగారే. మూడు వందల సీసీలు, నలభై గుర్రాలు, అందులో సగం ఎప్పుడూ సెలవు మీద ఉన్నట్టుండే గుర్రాలు. మొన్న కుటుంబమంతా భోజనాల బల్ల చుట్టూ చేరిన వేళ ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, “దోమ మీద ఎవరైనా మలుపు తిరుగుతారు వదినా. ఏనుగు మీద తిరిగి చూపించండి” అన్నారు. చెల్లెలు మొగుడి వైపు చూసిన చూపుకు అన్నం ఉడికేదే. “ఏనుగు మీరివ్వండి మరిదిగారూ, మావటి పని నేను చూసుకుంటాను” అని నోరు జారిన తర్వాత గాని తెలియలేదు, ఆ మాట తనదేనని. అంతమంది ముందు ఇవ్వనని ఆయన అనలేకపోయారు. తీసుకోనని ఆమె అనలేకపోయింది. మహాసామ్రాజ్యాల మధ్య యుద్ధాలు కూడా ఇలాగే, పప్పు వడ్డించుకునే మధ్యలోనే మొదలై ఉంటాయి. నిజానికి ఆయన అన్నదాంట్లో ఒక ముక్క అబద్ధం, ఒక ముక్క నిజం, రెండూ ఆమెకు తెలుసు. అబద్ధం ముక్క ఏమిటంటే, పెద్ద బండి గొప్ప క్షమాగుణం కలది. మలుపులో మనిషి ఎంత తడబడనీ, వంక దాటగానే మణికట్టు కాస్త తిప్పితే చాలు, నూట తొంభై గుర్రాలు పరుగెత్తుకొచ్చి పరువు నిలబెడతాయి, అలా తప్పు చేసిన ప్రతిసారీ క్షమించి క్షమించి మనిషిని చెడగొడతాయి. దోమ దగ్గర ఆ వేషాలు సాగవు. మలుపులో పారబోసుకున్న వేగం దోమ మీద తర్వాతి మలుపు దాకా తిరిగి రాదు, అందుకే దాని మీద మనిషి వేగాన్ని నెత్తిన నీళ్లకుండలా మోస్తాడు, తొణకనివ్వడు. తిన్నటి దారిలో ఐరావతం దాన్ని దాటి ఉరుముతూ పోతుంది. మలుపు రాగానే అదే ఐరావతం బ్రేకులు పట్టుకుని, తొండం ముడుచుకుని, ఎటు తిరగాలో సభ తీర్చి ఆలోచిస్తుంటే దోమ దాని చెవి పక్క నుంచి జుయ్యిమని వెళ్లిపోతుంది. ఎన్ని ఆదివారాలు అలా వెళ్లలేదు తను. ఎడమ మలుపుల్లో.

నిజం ముక్క అక్కడే ఉంది. ఎడమ మలుపుల్లో. ఈ ట్రాక్‌లో మలుపులు తొమ్మిది, అందులో ఆరు ఎడమవి. మూడు కుడివి ఉన్నా రెండు నామమాత్రపువి, తల వంచి నమస్కారం పెట్టినంతలో అయిపోతాయి. మిగిలింది ఎనిమిదోది. పొడుగ్గా, సాగి సాగి, అయిపోయిందనుకున్న చోట ఇంకాస్త బిగుసుకునే కుడి మలుపు, దాని బయటి అంచున నీలం తెలుపు రంగులేసిన పాత టైర్ల గోడ. మిగతా ఎనిమిదింటిలో ఎంత సంపాదించుకున్నా ఎనిమిదో దాంట్లో ఆమె ఇచ్చేసుకుంటుంది, ఇచ్చుకున్నది తొమ్మిదో దాంట్లో మళ్లీ లాక్కుంటుంది, చూసేవాళ్లకు లెక్క సరిపోతుంది. దోమ చిన్నది కాబట్టి ఆ పిరికితనం దాని నీడలో ఇమిడిపోయింది. ఏనుగు నీడలో ఇమడదు.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, తోలు చెప్పింది. ఆమె వృత్తి తోలు సూట్లు కుట్టడం, పడ్డవాళ్ల సూట్లకు అతుకులు వేయడం. ఇరవై ఏళ్లుగా మైనం పట్టించిన దారం, తోలుకు తూట్లు పొడిచే ఆరె, మందపాటి సూది, కిటికీ కింద బల్ల, బల్ల మీద బోర్లా పడుకున్న ఎవరిదో ఒక సూటు. రోగి నాడి చూసే వైద్యుడికైనా కాస్త అనుమానం మిగులుతుందేమో, ఆమెకు మిగలదు. బండిని బాగా వంచినప్పుడు మోకాలు నేలకు రాసుకుంటుంది కదా, దానికోసం సూటు మోకాళ్లకు రెండు ప్లాస్టిక్ బిళ్లలు అంటించి ఉంటాయి, అరిగినప్పుడల్లా పీకేసి కొత్తవి అంటిస్తారు. ఆ బిళ్లలు మనిషి జాతకం. ఎడమది అరిగి కుడిది మెరుస్తుంటే కుడి మలుపంటే భయం. రెండూ ముందు వైపే అరిగితే మోకాలు చాపుతున్నాడు గాని నడుము కదపడం లేదు. మడమ దగ్గర బూటు గీసుకుపోతే కాలు పెట్టే చోటు తెలియదు. ఒక పెద్దమనిషి బ్యాంకు మేనేజరు, ఎవరినీ ఖాతరు చేయని మనిషి, ఆయన సూటు చంకల్లో మాత్రం కుట్లు తెగేవి, హ్యాండిల్‌ను పీక పిసికినట్టు పట్టుకుంటాడన్నమాట, లోకమంటే అంత భయం. ఎవరి రహస్యం వాళ్లకు మడతపెట్టి ఇచ్చేసేది. సూది పని నేర్పిన మేనత్త చెప్పిన రెండు సూత్రాల్లో అదొకటి, విప్పినవాళ్ల సంగతి కుట్టినవాళ్లు మాట్లాడకూడదే అని. రెండోది, సూది కేసి చూడకే, గీత ఎటు పోతోందో అటు చూడు, సూది అదే వస్తుంది. వెయ్యిగారి సూటు బల్ల మీదికొచ్చిన రోజున ఆ మొదటి సూత్రం పాటించడానికి ఆమె పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. రోడ్డు గీసిన గీతలు విల్లులా వంపు తిరిగి ఉంటాయి, బయటి అంచున ప్లాస్టిక్ కరిగి పల్చటి పెదవి కడుతుంది. ఆయన బిళ్లల మీద గీతలు నిలువుగా, క్రమశిక్షణతో, ఒకే దూరంలో. ఇంటి గడప మీద కూర్చుని రుద్దినవి. ఆమె కొత్తవి అంటించి ఇచ్చింది. “పాతవి కూడా ఇవ్వండి వదినా, గుర్తుగా ఉంటాయి” అన్నారాయన. ఇప్పుడవి వాళ్ల హాల్లో, అద్దాల బీరువాలో, వెండి గ్లాసు పక్కన.

నవ్వుకుంది అప్పుడు. రాత్రి అన్నం తింటూ కూడా నవ్వుకుంది, ఎందుకని భర్త అడిగితే పొలమారిందని చెప్పింది. మరి నిన్న సాయంత్రం, ఇవాళ్టి పరీక్ష కోసమని తన సూటును తానే బల్ల మీద బోర్లా పరిచి కుట్లు చూసుకుంటున్నప్పుడు, ఎవరిదో గిరాకీ సూటు అన్నట్టే అలవాటుగా తిప్పి, ఎడమ బిళ్ల పళ్లు రాలిన దువ్వెనలా ఉండటం, కుడిది నిన్ననే డబ్బాలోంచి తీసినట్టు నున్నగా, దాని మీద కంపెనీ అచ్చు కూడా చెక్కుచెదరకుండా ఉండటం చూసి, ఈవిడెవరో గాని పాపం కుడివైపు ప్రాణం లేదు అనుకుంది. అనుకున్న తర్వాత గుర్తొచ్చింది, ఈవిడెవరో. ఆరేళ్లు. ఆరేళ్లలో ఎడమవి పదకొండు మార్చింది, కుడిది మొదట అంటించిందే. మొదటి నెలలో, ఎనిమిదో మలుపులో, కాస్త బయటికి పోయినప్పుడు ఆ నీలం తెలుపు గోడను చూసింది, చూసి అయ్యో గోడ అనుకుంది, అయ్యో అనుకున్న చోటికే బండి తిన్నగా, విధేయంగా, పిలిచిన కుక్కపిల్లలా వెళ్లింది. భుజం ఎముక ఆరు వారాల్లో అతికింది. ఇంకేదో అతకలేదు. దాని సంగతి ఏ ఎక్స్‌రేలోనూ రాలేదు, ప్లాస్టిక్ బిళ్ల మీద వచ్చింది.

గడియారం రెండూ ఇరవై. మాస్టారికి ఒక అలవాటు ఉంది, అభ్యర్థిని బండి ఎక్కనివ్వక ముందు ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు మోకాళ్లూ చూస్తారు, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు. నిరుడు ఒకడిని మోకాళ్లు చూసి ఇంటికి పంపేశారు. ఆమె కాలి దగ్గర పనిముట్ల సంచీ ఉంది, ట్రాక్ రోజుల్లో ఎవరో ఒకరు పడతారు, కుట్టాల్సి వస్తుంది, అందుకని ఎప్పుడూ తెచ్చేదే. అందులో ఆరె, దారం, కత్తెర. ఆకురాయి. చెయ్యి తనంత తానే వెళ్లి కుడి మోకాలి బిళ్లను పీకింది, చర్రుమని గ్యారేజీ అంతా వినపడేలా, గుమ్మం వైపు చూసింది, ఎవరూ లేరు. పది నిమిషాల పని. వెయ్యిగారిలా గడప మీద నిలువు గీతలు గీసే మొరటుతనం తనకెందుకు, తనకు శాస్త్రం తెలుసు; విల్లు వంపున, బయటి అంచు దగ్గర ఒత్తి, మధ్యలో వదిలి, లైటరుతో కొంచెం పెదవి కరిగించి, పైన పిడికెడు ట్రాక్ దుమ్ము రాస్తే, మాస్టారు కాదు కదా, ఆ రోడ్డే దిగివచ్చి చూసినా తన చేవ్రాలే అనుకుంటుంది. ఇరవై ఏళ్ల విద్య. భయాన్ని చదవడం తెలిసిన చెయ్యికి ధైర్యాన్ని రాయడం ఒక లెక్కా. ఆకురాయి అరచేతిలో చల్లగా ఉంది. ఒక గీత గీసింది. చిన్నది, విల్లు వంపుది. ఎంత బాగా వచ్చింది.

అప్పుడు ఎందుకో నర్సు గుర్తొచ్చింది. కిందటి ఏడాది కుడి భుజం చిరిగిన సూటు తెచ్చిన అమ్మాయి, రాత్రి డ్యూటీ చేసి తిన్నగా వచ్చి, బల్లకు ఆనుకుని నిలబడే నిద్రపోతున్న అమ్మాయి. ఎలా పడ్డావని అడిగితే, “నేనేం చేయలేదక్కా. ముందు సార్ వెళ్తున్నారు కదా, ఆయన చక్రం వెనకే వెళ్లాను” అంది. ఆ సారు తర్వాత ఉద్యోగం మానేశాడు, ఇప్పుడు ఖాళీగా ఉన్న పీఠం ఆయనదే. నేర్చుకునేవాళ్లు అంతే, గురువు చక్రం పోయిన దారినే పోతారు, వాళ్లకు వేరే కళ్లుండవు, ఉంటే ఫీజు కట్టి రారు. ఆదివారం ఉదయం, ఎనిమిదో మలుపు, ముందు తను, తన వెనక అలాంటి ఒక అమ్మాయి. తను గోడ కేసి చూస్తుంది. ఆ అమ్మాయి తనకేసి చూస్తుంది. అంత దూరం ఆలోచించాక ఆకురాయి బరువెక్కింది. గీత గీసిన బిళ్లను సంచీలో అడుగున పడేసి, డబ్బాలోంచి ఇంకొకటి, నిజంగానే కొత్తది, తీసి మోకాలికి అంటించి అరచేత్తో గట్టిగా ఒత్తింది. ఇప్పుడు ఇంకా అధ్వాన్నంగా మెరుస్తోంది. మెరవనీ. తిప్పి పంపితే పంపనీ. ఆ మలుపును మాత్రం ఇవాళ తిరిగి తీరాలి, పీఠం దొరికినా దొరక్కపోయినా, ఐరావతం మీదే, వెయ్యిగారు చూస్తుండగానే. ఎందుకంటే ఇవాళ తిరక్కపోతే రేపు సాయంత్రం ఆకురాయి మళ్లీ చేతికొస్తుంది, వచ్చిన చెయ్యి ఇక ఊరుకోదు, అది ఆమెకు తెలుసు, ఎంత బాగా వచ్చిందో చూసింది కదా.

మూడింటికి రెండు నిమిషాలు తక్కువగా మాస్టారు వచ్చారు. అరవై ఏడేళ్లు, ఎండిన చింతబరికెలాంటి మనిషి, సూటు కూడా ఆయన కన్నా కండపట్టి ఉంటుంది. నమస్కారం అందుకోకుండానే గొంతుక్కూర్చున్నారు. ఎడమ మోకాలు చూశారు, తల ఊపారు. కుడి మోకాలు చూశారు, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశారు. టీ ముగించుకుని వచ్చిన వెయ్యిగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఇది ఇవాళ పెట్టావా?”

“ఇందాకే మాస్టారూ. పాతది కూడా ఇలాగే ఉండేది.”

“ఎన్నాళ్లుగా?”

“ఆరేళ్లు.”

ఆయన లేవడానికి ఆమె భుజం పట్టుకున్నారు. మోకాళ్లు టపటపమన్నాయి, ఒకటి తర్వాత ఒకటి, రెండూ సమానంగా. “సరే, దుప్పట్లు తియ్యండి” అన్నారు వెయ్యిగారితో. ఆ తర్వాత బయటికి వెళ్లి, ఎవరినీ అడగకుండా, దోమ మీద కూర్చున్నారు. పరీక్షలో ఆయన వెనక వస్తారనుకున్నారు అందరూ. “నేను ముందు. నువ్వు ఆ ఇంద్రుడి వాహనం మీద నా వెనకే రా. తిన్నటి దారిలో నన్ను దాటకు. మలుపుల్లో, చేతనైతే, దాటు.”

తిన్నటి దారిలో ఐరావతాన్ని పట్టి ఉంచడమే మొదటి పరీక్ష అయింది. మణికట్టు వెంట్రుకవాసి కదిలితే ముందు బండి వెనక చక్రం మొహం మీదికొచ్చేస్తోంది. నూట తొంభై గుర్రాలూ కళ్లేలు కొరుకుతున్నాయి. మొదటి ఎడమ మలుపు రాగానే లోకం తలకిందులైంది, ఆ చింతబరికె ఒరిగింది, మాయమైంది, ఇంత పెద్ద బండి కింద ఉండీ ఆమె వెనకపడింది. తన బండిని వెనక నుంచి చూడటం ఇదే మొదలు. ఆరేళ్లుగా దాని అద్దంలోంచి లోకాన్ని చూసింది గాని దాన్ని చూడలేదు. ఎంత చిన్నదో. ఎనిమిదో మలుపులో అది కుడికి ఒరిగింది, ఇంకా ఒరిగింది, చాలనుకుంటే ఇంకా, దాని పొట్ట కింది గొట్టం దాకా కనపడేలా, తన చేతుల్లో ఉండగా ఒక్కనాడూ పెట్టని భంగిమలో, ఎంతో తీరిగ్గా. దోమ కుడికి సరిగా తిరగదేమోలే అని లోలోపల ఎక్కడో దాచుకున్న ఆఖరి సాకు ఆ గొట్టంతో పాటే బయటపడింది. ఆమె గోడను చూసింది, బ్రేకు పట్టింది, ఐరావతం తల ఎగరేసింది, మాస్టారు చాలా దూరం వెళ్లిపోయారు. రెండో లాప్‌లో కొంచెం తక్కువ దూరం. ఆయన వీపును పట్టుకుని ఈదింది, ఆయన తల ఎటు తిరిగితే అటు తిరిగింది, బాగానే ఉంది, కానీ ఇది నర్సు చేసిన పనే కదా అని అనుకుంటుండగానే మూడో లాప్ వచ్చింది, ఏడో మలుపు దాటింది, ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి, పక్కకు జరిగి, వెళ్లమన్నట్టు చూపారు.

ముందు ఎవరూ లేరు. దారి ఉంది, గోడ ఉంది. ఇలాంటప్పుడు గుర్తుకు రావాల్సినవి ఆమె చాలా దాచుకుంది, మేనత్త, గీత, సూది, పుస్తకంలో రాసుకున్న పాఠాలు, ఒక్కటీ రాలేదు, వచ్చింది గోడ ఒక్కటే, కంటి కొసన, పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చున్న పాత చుట్టంలా. కుడి హ్యాండిల్‌ను నెట్టింది. ఐరావతం ఒరిగింది, నెమ్మదిగా, బరువుగా, ఆస్థానం అంతా లేచి నిలబడి తనతో పాటు ఒరిగితే గాని ఒరగనన్నట్టు. మలుపు సాగింది. మధ్యలో బిగిసింది. బండి బయటికి జరిగింది, జానెడు, మూరెడు, మణికట్టు మూసుకుందామంటోంది, మూసుకో మూసుకో అంటోంది, లేదు, అంతే ఉంచు, అంతే, గడ్డం తిప్పు, గడ్డం కుడి భుజం మీదికి తెచ్చి పెట్టు, కళ్లను కాదు మెడను తిప్పు, తిరగనంటున్న మెడను ఇనుప మరమేకును తిప్పినట్టు తిప్పింది. గోడ కంటి కొస నుంచి జారింది. జారిన చోట మలుపు అవతలి కొన తెరుచుకుంది, దానికి ఆనుకుని తొమ్మిదోది, బూడిదరంగు దారి, అంచున ఎర్రగడ్డి. అటు చూసింది. దారి బయటి అంచు తెల్లగీత అరచెయ్యి దూరం దాకా వచ్చి, అక్కడే ఆగి, పక్కనే నడిచి, దూరమైంది. మోకాలు నేలను తాకలేదు. ఆ సంగతి ఆమెకు గ్యారేజీకి వచ్చాక గాని తెలియలేదు.

మాస్టారు హెల్మెట్ తీసి, వాక్యాలు వెతుక్కోకుండా చెప్పారు. “ఎనిమిదో దాంట్లో నీకన్నా కూరగాయల తోపుడుబండి నయం.” వెయ్యిగారి మీసం కింద ఏదో కదిలింది. “కానీ మెడ తిప్పావు. వెనక నుంచి చూశాను. తిప్పలేక తిప్పావు. అలవాటుగా తిప్పేవాళ్లకు ఎలా తిప్పాలో చెప్పడం రాదమ్మాయ్, నీకు ముందు ఆ కుర్చీలో ఒకాయన ఉన్నాడుగా.” దోమ తాళం ఆమె చేతిలో పెట్టారు. “ఆదివారం ఏడింటికి రా. నేర్చుకునేవాళ్లు ఎనిమిదింటికి వస్తారు. మధ్యలో గంట నువ్వూ ఆ మలుపూ తేల్చుకోండి. ఒక్క వారం ఎగ్గొట్టినా నీ కుర్చీ తీసేస్తాను.” అని, ఆమె నమస్కారం ఈసారీ అందుకోకుండా వెళ్లిపోయారు.

వెయ్యిగారు ఐరావతం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, గీత పడిందేమోనని వంగి, పడుకుని, టార్చి వేసి వెతికారు. పడలేదు. దుప్పట్లు మడతపెట్టారు. విప్పి మళ్లీ మడతపెట్టారు. ఆమె సూటు జిప్పు దించుకుని స్టూలు మీద కూర్చుంది. గ్యారేజీలో ఇంకెవరూ లేరని రెండుసార్లు చూసుకుని, టాంకు మీద లేని దుమ్మును గుడ్డతో తుడుస్తూ ఆయన అన్నారు:

“వదినా... ఎనిమిదో దాంట్లో ఎటు చూశారు?”

దీనికి ఇవ్వదగ్గ జవాబులు పది ఆమె నాలుక మీద వరసకట్టాయి, ఒకదాన్ని మించి ఒకటి, ఏళ్ల తరబడి నిలవ ఉన్నవి. అన్నిటినీ మింగింది.

“ముందు మీరు చెప్పండి మరిదిగారూ. మీరు ఎటు చూస్తారు?”

గుడ్డ ఆగింది. “మీటరు కేసి.”

“ఎంత చూపిస్తుంది?”

ఆయన నూట తొంభై గుర్రాల వైపు చూశారు, నేల వైపు చూశారు, ఎవరికీ వినపడని గొంతుతో చెప్పారు. “ముప్పై ఎనిమిది.”

ఆమె నవ్వలేదు. ఈసారి పెదవి కొరుక్కోవాల్సిన అవసరం కూడా రాలేదు. స్టూలు మీద నుంచి లేచి, సంచీ భుజాన వేసుకుంది.

“ఆదివారం ఎనిమిదింటికి రండి. బండి తేవద్దు, నాది ఉంది.”